ఏ గైడు కొనాలి సార్?



ఈ వారం రోస్టర్ పాయింట్ల గురించి రాస్తానని మాటిచ్చాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. మొన్న సాయంత్రం ఒక విద్యార్థిని స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు.

"సార్, కంప్యూటర్ రిపేరు సర్టిఫికెట్ పరీక్షకి ఏ గైడు కొనాలి సార్?"

నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి. "నన్నడుగుతావేంటమ్మా, కంప్యూటర్ సార్ పక్క రూమ్‌లో ఉన్నారుగా" అని నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు. "పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి సార్. ఏది అర్థమయ్యేలా ఉందో మీరైతే చదివి చెప్తారని వచ్చాను" అంది. ఇంటికెళ్ళాక నవ్వినందుకు సిగ్గేసింది.

పేరు రాయను. రేపల్లె వైపు ఒక పల్లె. బీకాం కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. వాళ్ళమ్మ కూలికెళ్తుంది. బాబాయికి చిన్న రిపేరు కొట్టు ఉంది. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. ఏడో తరగతి నుంచీ ఈ పిల్ల ఆ కొట్లోనే స్క్రూడ్రైవరు పట్టింది. ఒక సర్వీసు సెంటర్లో ఉద్యోగానికి వెళ్తే "పని వచ్చని కాయితం ఉందా?" అన్నారట. ఊరడిగారట. ఊళ్ళో ఇల్లు ఎటువైపని కూడా అడిగారట. ఆ ప్రశ్న అర్థమేంటో ఈ పోస్టులు చదివేవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే ఆ కాయితం కావాలనుకుంది. ఆమె రాయాలనుకుంటున్నది కాంప్‌టియా ఏ ప్లస్. అమెరికాలో పుట్టిన సంస్థ పెట్టే పరీక్ష. రెండు పేపర్లు, కోర్ 1, కోర్ 2. ఒక్కోదానికి విడిగా ఫీజు. ఒక్కోదానిలో గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. 900 స్కేలు మీద మొదటిదానికి 675, రెండోదానికి 700 వస్తే పాస్. తెలుగులో ఈ పరీక్ష లేదు.

ఇక గైడు సంగతి. మనలాంటివాళ్ళకి ఈ మాట మామూలు మాట కాదు. పీహెచ్‌డీ చేసినవాడికి గైడంటే పుస్తకం కాదు, మనిషి. ఆ మనిషి దొరక్క ఆగిపోయిన మనవాళ్ళెంతమందో మీకు తెలుసు. 2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్న సెంథిల్ కుమార్‌ని గుర్తు చేసుకోండి. తమిళనాడు నుంచి ఫిజిక్స్‌లో పరిశోధనకొచ్చిన దళిత విద్యార్థి. చనిపోయే నాటికి అతనికి గైడు లేడు. గైడును ఎంచుకోవడం కొందరికి అలవాటు. మనకది కొట్లాడి తెచ్చుకోవాల్సిన హక్కు. పుస్తకమైనా అంతే. అందుకే ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు సరిగ్గా చెప్పాలనుకున్నాను. వారం రోజులు కూర్చుని ఆ పుస్తకాలు తిరగేశాను.

నాకు తెలిసింది చెప్తాను. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది ఏ పరీక్షకైనా పనికొస్తుంది.

మొదటి మాట. గైడు కొనేముందు సిలబస్ చదవండి. ఏ ప్లస్‌లో ఏమేం అడుగుతారో అంశాల వారీగా రాసిన పత్రాన్ని ఆ సంస్థే ఉచితంగా ఇస్తుంది. గైడు రాసేవాళ్ళంతా దాన్ని ముందు పెట్టుకునే రాస్తారు. మనకి మాత్రం అదొకటుందని ఎవరూ చెప్పరు. చెప్తే లావు పుస్తకం అమ్ముడుపోదు, కోచింగ్ సీటు నిండదు. ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడు చదివే తమ్ముళ్ళకీ ఇదే మాట. ప్రభుత్వం నడిపే భారత్ స్కిల్స్ పోర్టల్లో సిలబస్, ప్రశ్నల బ్యాంకు ఉచితం. చెన్నైలోని నిమి ఐటీఐ ట్రేడులకి థియరీ, ప్రాక్టికల్ పుస్తకాలు వేస్తుంది. ముందు వాటిని చూసి, ఆ తర్వాత బజారు గైడు జోలికి వెళ్ళండి.

రెండో మాట. అట్ట మీద నంబరు చూడండి. ఇప్పుడు నడుస్తున్న పరీక్ష 220-1201, 220-1202. ఇది 2025 మార్చిలో మొదలైంది. దానికి ముందున్న 1101, 1102 పరీక్షలు 2025 సెప్టెంబరుతో ఆగిపోయాయి. అంతకుముందటి 1001, 1002 పరీక్షలు 2022లోనే పోయాయి. ఈ అమ్మాయి పాత పుస్తకాల కొట్లో సగం ధరకి వచ్చిందని 1001 గైడు కొనుక్కొచ్చింది. అట్ట బాగుంది, లోపల పరీక్షే లేదు. పేదవాళ్ళ దగ్గరికి చదువు ఎప్పుడూ ఒక ఎడిషన్ ఆలస్యంగానే వస్తుంది. ఆ పుస్తకాన్ని పారెయ్యొద్దన్నాను. ర్యామ్ ఏంటో, పవర్ సప్లై ఏంటో అందులోనూ ఉంటుంది. పరీక్షకి మాత్రం దాన్ని నమ్ముకోవద్దన్నాను.

మూడో మాట. పుస్తకాన్ని రెండు చోట్ల తెరవండి. చేత్తో మీకు బాగా తెలిసిన విషయం ఒకటి చదవండి. ర్యామ్ మార్చడం అనుకోండి. అక్కడ రాసినవాడు నిజంగా మిషను విప్పినవాడో కాదో మీకు వెంటనే తెలిసిపోతుంది. తర్వాత అసలు తెలియని విషయం చదవండి. డీఎన్ఎస్ అనుకోండి, రెయిడ్ అనుకోండి. డిక్షనరీ పక్కన పెట్టుకుని అరగంటలో ఆ పేజీ మీకు లొంగితే కొనండి. లొంగకపోతే తప్పు మీది కాదు, ఆ పుస్తకం మీకోసం రాసింది కాదు. ప్రాక్టీసు ప్రశ్నల దగ్గర జవాబు ఒక్కటే ఇచ్చి వదిలేసిన గైడు వద్దు. మిగతా మూడు ఎందుకు తప్పో చెప్పేదే గైడు. యూట్యూబ్‌లో ప్రొఫెసర్ మెసర్ పాఠాలు పూర్తిగా ఉచితం. అవి చూశాక పుస్తకం తెరిస్తే సగం భయం పోతుంది.

నాలుగో మాట. డంప్స్ ముట్టుకోకండి. "అసలు ప్రశ్నలే ఇస్తాం, బట్టీ కొట్టండి" అని ఒక కోచింగ్ వాళ్ళు ఈ అమ్మాయి దగ్గర డబ్బు అడిగారు. అభ్యర్థి సంతకం పెట్టే ఒప్పందంలోనే అది నిషేధం. పట్టుబడితే సర్టిఫికెట్ పోతుంది. డబ్బున్నవాడికి పోతే ఇంకోటి కొనుక్కుంటాడు. మనకి పోతే "వీళ్ళంతా ఇంతే" అనే మాట మిగులుతుంది.

ఐదో మాట. ఇది తెలుగు మాస్టారుగా నేను చెప్పగలిగింది. ఈ పరీక్షలో ప్రశ్న చివర ఒక్క మాట ఉంటుంది. టెక్నీషియన్ "ఫస్ట్" ఏం చెయ్యాలి? "నెక్స్ట్" ఏం చెయ్యాలి? "బెస్ట్" ఏది? "మోస్ట్ లైక్లీ" కారణం ఏది? నాలుగు జవాబుల్లో రెండు మూడు నిజంగానే చేసే పనులై ఉంటాయి. ముందు చెయ్యాల్సింది ఏదన్నదే అక్కడ ప్రశ్న. మా అమ్మాయి ప్రాక్టీసు పేపర్లో తప్పులు చూశాను. సగానికి పైగా మిషను తెలియక చేసినవి కావు. ఆ ఒక్క మాటని దాటేసి చదవడం వల్ల వచ్చినవి. నిమిషానికో ప్రశ్న, అదీ ఇంటి భాష కాని భాషలో. అక్కడ పరీక్ష పెడుతున్నది రిపేరుకా, ఇంగ్లీషుకా?

ఇప్పుడు నా గొడవ మొదలుపెడతాను.

2019లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చినప్పుడు తెలుగు చచ్చిపోతోందని ఎంత ఏడుపు ఏడ్చారో గుర్తుందా? 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేస్తే ఎంత సంబరపడ్డారో గుర్తుందా? ఆ ఏడ్చినవాళ్ళని నేను ఒక్కటే అడుగుతున్నా. మా పిల్లకి ఇంగ్లీషు వద్దన్నారు, సరే. పవర్ సప్లై విప్పితే కెపాసిటర్‌లో మిగిలిన కరెంటు ప్రాణం తీస్తుందని తెలుగులో నాలుగు ముక్కలు రాసిపెట్టారా? ఉన్నత చదువుల పుస్తకాలు తెలుగులో రావాలనే 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. ఆ ఆశని ఎక్కడిదాకా తీసుకొచ్చారు? అవధానాలకి హాళ్ళు నిండుతాయి. రిపేరు కొట్టు తెలుగుకి మాత్రం ఒక్క పుస్తకం కొనిపెట్టే దిక్కు లేదు. ఇంగ్లీషు రానివ్వరు, తెలుగులో ఇవ్వరు. రెండు తలుపులూ మూసి, బయట నిలబడినవాడికి ప్రతిభ లేదంటారు.

నన్ను నేను వదిలిపెట్టుకోవడం లేదు. నా సిద్ధాంత గ్రంథం నాలుగొందల పేజీలు. అందులో ఒక్క పేజీ ఈ అమ్మాయికి పనికిరాలేదు.

మనవాళ్ళలోనూ ఇద్దరు నాతో వాదించారు. ఒకాయన "అమెరికావాడి పరీక్షకి డబ్బులు కట్టించి ప్రచారం చేస్తున్నావా?" అన్నారు. ఫీజు ఎక్కువే, కాదనను. అందుకే ఐటీఐ దారి కూడా పైన చెప్పాను. కానీ మార్కులేసే చెయ్యి ఊరి పెద్దది కాకపోవడం మన పిల్లలకి ఎంత ఊపిరో ఆలోచించండి. ఆ కంప్యూటరు ఇల్లు ఎటువైపని అడగదు. ఆ తర్వాత ఇంటర్వ్యూలో అడుగుతారు, నిజమే. అప్పుడు కాయితం లేదనే సాకైనా వాళ్ళ చేతిలో ఉండదు.

ఇంకో అక్క "మన పిల్లలకి మళ్ళీ చేతిపనేనా?" అన్నారు. ఆమె కోపం నాకు అర్థమైంది. కులం పనిని పంచడంతో ఊరుకోలేదని, పనిచేసే మనుషుల్నే మెట్ల మీద పేర్చి కదలకుండా కట్టేసిందని అంబేడ్కర్ 1936లో కులనిర్మూలనలో వాదించారు. మన పోరాటం ఆ కట్టు మీద, పని మీద కాదు. ఈ పిల్ల రిపేరుతో మొదలై నెట్‌వర్కులకో సెక్యూరిటీకో వెళ్ళాలనుకుంటే దారి ఉండాలి. ఉండిపోవాలనుకుంటే పనికి తగ్గ జీతం, గౌరవం ఉండాలి.

అసలు చెప్పాల్సింది ఇక్కడుంది. కోర్ 1లో 28 శాతం మార్కులు హార్డ్‌వేర్, నెట్‌వర్క్ లోపాలు కనిపెట్టడానికే. దానికి ఆ సంస్థ ఆరు మెట్లు చెప్తుంది. సమస్య ఏంటో తెలుసుకో. కారణం ఊహించు. ఊహ సరైనదో కాదో పరీక్షించు. పథకం వేసుకుని బాగుచెయ్యి. అంతా పనిచేస్తోందో లేదో చూసి, మళ్ళీ రాకుండా జాగ్రత్త తీసుకో. చేసిందంతా రాసిపెట్టు.

ఇవి చదివి వినిపిస్తే అమ్మాయి "ఇది మా బాబాయి చేసేదేగా సార్" అంది. కొట్టుకెళ్ళి చూశాను. ఒకాయన సీపీయూ తెచ్చి ఆన్ కావట్లేదన్నాడు. బాబాయి ముట్టుకోకుండా ముందు అడిగాడు. ఎప్పట్నుంచి? ఉరుములొచ్చాయా? మధ్యలో ఎవరన్నా విప్పారా? ర్యామ్ అయ్యుంటుందన్నాడు. తీసి, రబ్బరుతో కాంటాక్టులు తుడిచి, మళ్ళీ పెట్టాడు. తెర వెలిగింది. వెంటనే ఇచ్చెయ్యలేదు. అరగంట నడిపి చూశాడు, లోపల దుమ్ము ఊదాడు, అప్పుడిచ్చాడు. ఆరింటిలో ఐదు మెట్లు. ఏ గైడూ చదవకుండా.

ఆరోది లేదు. కొట్లో ఒక్క నోట్‌బుక్ లేదు. పాతికేళ్ళ పనితనం వేళ్ళలోనే ఉంది. ఆయనకిప్పుడు చూపు తగ్గుతోంది.

ఆ ఆరో మెట్టు మనవాళ్ళకి చేతకాక పోలేదు. అక్షరాన్ని మన చేతికి అందకుండా చేశారు కాబట్టి పోయింది. చెప్పు కుట్టిన చేతికి, డప్పు మూసిన చేతికి, మగ్గం నేసిన చేతికి శాస్త్రం లేదని తేల్చారు. రాతలో లేదు కాబట్టి విద్య కాదన్నారు. రాయనివ్వనిదీ వాళ్ళే. మన జిల్లాలోనే భట్టిప్రోలు ఉంది. అక్కడి బౌద్ధ స్తూపంలో దొరికిన ధాతు పేటికల మీద, క్రీస్తుకు ముందే, ఆ పనిలో కలిసిన సంఘాల సభ్యుల పేర్లు చెక్కారు. పని చేసినవాళ్ళ పేరు రాసే ఆనవాయితీ ఈ నేలకి కొత్త కాదు. దాన్ని తుడిచేశారు. చుండూరు కూడా మన జిల్లాలోనే ఉంది. 1991 ఆగస్టు 6కి ముందు అక్కడ వాళ్ళ కంట్లో నలుసైంది చదువుకుని తలెత్తిన మన కుర్రాళ్ళే. పని చేసే చెయ్యి రాయడం మొదలుపెడితే ఎవరికి భయమో ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకి తెలుసు.

కాబట్టి ఏ గైడు కొనాలన్న ప్రశ్నకి నా జవాబు ఇది. 1201, 1202 అని అట్ట మీద ఉన్నది, అరగంటలో లొంగేది, తప్పు ఎందుకు తప్పో చెప్పేది ఒక్కటి కొను. రెండొద్దు. దాంతోపాటు రెండొందల పేజీల తెల్ల నోట్‌బుక్ ఒకటి కొను. సిలబస్‌లో ఒక్కో అంశం ఒక్కో పేజీ. పుస్తకం చూసి అనువదించకు. అర్థమైంది నీ మాటల్లో, బాబాయి కొట్టు తెలుగులో రాయి. బాబాయి ఎలా చేస్తాడో కింద రాయి. పేజీ చివర ఆయన పేరు రాయి.

అమ్మాయి మొదలుపెట్టింది. నిన్నటికి పదకొండు పేజీలు. వాక్యాలు నేను చూస్తున్నాను, మిషను సంగతి వాళ్ళ బాబాయి చూస్తున్నాడు. ఇది చదివే బాపట్ల, తెనాలి, రేపల్లె, చీరాల పిల్లలు తలా నాలుగు అంశాలు తీసుకుంటే పరీక్షల లోపు మన పుస్తకం మన దగ్గరుంటుంది. ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్ళు తప్పులు దిద్దండి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ అక్కలూ, ఒక్కొక్కరు ఒక్క పేపరు ఫీజు భరించండి. దండలకీ ఫ్లెక్సీలకీ పెట్టే ఖర్చులో అది చిన్న భాగం.

వచ్చే ఏడాది ఇంకో పిల్ల గుమ్మం దగ్గరికొచ్చి ఏ గైడు కొనాలని అడిగితే, కొనక్కర్లేదమ్మా, ఇదిగో అని ఇవ్వాలని నా ఆశ.

రాస్తామన్నవాళ్ళు ఏ అంశం తీసుకుంటారో చెప్పండి. రోస్టర్ సంగతి వచ్చే వారం.

జై భీమ్.