హైబ్రిడ్ కార్లు: పేరొకటే, పనితీరు వేరు

2025 సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చిన జీఎస్టీ రేట్ల ప్రకారం మారుతి గ్రాండ్ విటారా మైల్డ్, స్ట్రాంగ్ హైబ్రిడ్ రకాలు రెండింటికీ పన్ను 40 శాతం. విద్యుత్ కార్లకు 5 శాతమే. పన్ను ఒకటైనా ఆ రెండు హైబ్రిడ్ల పనితీరుకు పోలిక తక్కువ.

మైల్డ్ హైబ్రిడ్‌లోని చిన్న మోటారు ఇంజిన్‌కు ఊతమిస్తుందే తప్ప ఒంటరిగా కారును నడపలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ ఇంజిన్ ఆగినా కొంతదూరం కదులుతుంది. ఇందులోనూ పద్ధతులు వేరు. టయోటా హైరైడర్‌లో ప్రత్యేక గేర్ల అమరిక ఇంజిన్ శక్తిని విభజించి కొంత చక్రాలకు, కొంత జనరేటరుకు పంపుతుంది. హోండా సిటీలో నగర వేగాల వద్ద ఇంజిన్ ప్రధానంగా విద్యుత్తునే ఉత్పత్తి చేస్తుంది, చక్రాలను మోటారు తిప్పుతుంది. రహదారి వేగం అందుకున్నాక క్లచ్ ద్వారా ఇంజిన్ నేరుగా చక్రాలకు జతపడుతుంది.

బ్రేకు వేసినప్పుడు వృథా కావలసిన శక్తిని బ్యాటరీకి మళ్లించడమే వీటి అసలు బలం. అందుకే హైదరాబాద్ కూడళ్ల రద్దీలో కనిపించే ఆదా ఔటర్ రింగ్ రోడ్డుపై తగ్గుతుంది. గ్రాండ్ విటారా 2022లో విడుదలైనప్పుడు కంపెనీ ప్రకటించిన మైలేజీ లీటరుకు స్ట్రాంగ్ రకంలో 27.97, మైల్డ్ మాన్యువల్‌లో 21.11 కిలోమీటర్లు. ఇంత అంతరాన్ని జీఎస్టీ పట్టించుకోకపోవడం విడ్డూరమే. ఉత్తరప్రదేశ్ మాత్రం 2024 జులైలోనే స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను మినహాయించింది.