నల్లి కుడితే ఇల్లాలికా దెబ్బలు?

నల్లి కుడితే దెబ్బలు మంచానికని సుమతీ శతకకారుడు ఏనాడో చెప్పాడు. ఆయన మా తార్నాక వచ్చి ఉంటే, దెబ్బలు ఇల్లాలికని దిద్దుకునేవాడు!

సెలవులకి మావాడు హాస్టలు నుంచి పరుపుచుట్టతో పాటు నల్లుల్నీ మోసుకొచ్చాడు. మల్కాజ్‌గిరి నుంచి వచ్చిన ఆడపడుచు వీపు గోక్కుంటూ, "ఇల్లు కాస్త శుభ్రంగా ఉంచుకోకూడదూ, వదినా?" అంది. మావారు పేపరు చాటున ముసిముసిగా నవ్వారు.

శుభ్రమట! నల్లికి కావలసింది మురికి కాదమ్మా, మన నెత్తురు. అద్దంలాంటి ఇంట్లోనూ పరుపు కుట్లలో, మంచం కీళ్లలో కాపురం పెడుతుంది. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతుంది. జబ్బులు అంటిస్తుందన్న రుజువు లేదు. నిద్ర మాత్రం దోచేస్తుంది.

అసలు ప్రమాదం సిగ్గుతోనే. పరువు పోతుందని తలుపులేసుకుని, ధాన్యం కొట్లలో వాడే విషపు బిళ్లలు పిల్లల గదిలో పెడతారు. ఆ వాయువుకి నల్లేదో పసివాడెవరో తెలియదు; ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి. డి.డి.టి.నా? 1940ల చివర్లోనే దానికి లొంగని నల్లులు పుట్టుకొచ్చాయి. కిరసనాయిలుకి నిప్పు భయం.

దుప్పట్లు కాగే నీళ్లలో వెయ్యండి. మంచం సందుల్లో మరిగే నీళ్లు పోయండి. గుడ్లు మిగిలితే పిల్లలవుతాయి గనక పదిరోజులకి మళ్లీ చెయ్యండి. పక్కింటావిడకీ చెప్పండి, గోడ దాటకముందే.

నెల తిరక్కుండా ఆడపడుచు ఫోను. గొంతు తగ్గించి, "వదినా, మా ఇంట్లోనూ..." అంది. "శుభ్రంగా..." అనబోయి నాలిక్కరుచుకున్నాను.

"నీళ్లు మరగబెట్టు. మంచం ఎత్తడానికి మీ ఆయన్ని పిలు!" అన్నాను.