ఏ మరక పోతుందో సీసా మీద రాయండి

వైటెనింగ్ మౌత్‌వాష్ పళ్ల మరకలు నిజంగా తగ్గిస్తుందా? అద్దంలో చూసుకుని తేల్చుకోగలిగిన విషయం కాదిది. మౌత్‌వాష్ కొన్న ఉత్సాహంలో మనిషి పళ్లు కూడా శ్రద్ధగా తోముకుంటాడు, రెండు టీలు తగ్గిస్తాడు. నెల తిరిగేసరికి పళ్లు కాస్త తేటపడితే ఆ గొప్ప దేనిది? అందుకే సరైన పరీక్షలో మనుషుల్ని చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీస్తారు. బ్రష్షూ పేస్టూ అందరికీ ఒకటే. ఒక జట్టుకు అసలు మందు, రెండో జట్టుకు అదే రంగూ రుచీ ఉన్న ఉత్త ద్రవం. ఎవరు ఏది పుక్కిలిస్తున్నారో పళ్లు చూసే డాక్టరుకు కూడా తెలియనివ్వరు.

ఆ చూడడంలోనే ఉంది చిక్కంతా. డెంటిస్టుల దగ్గర షేడ్ గైడ్ ఉంటుంది. ఎక్కువమంది వాడే వీటా గైడ్‌లో ఏ1 నుంచి డీ4 దాకా 16 పింగాణీ పళ్లు. మ్యాచింగ్ సెంటర్లో చీరకు జాకెట్టు ముక్క పెట్టి చూసినట్టు, ఒక్కో పన్నూ మన పంటి పక్కన పెట్టి చూస్తారు. ట్యూబ్‌లైటు కింద కలిసిన రంగు కిటికీ వెలుతురులో కలవదు. కాసేపు నోరు తెరిచి ఉంచితే పన్ను తడారి, ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. ప్రకటనల్లో వాడకముందు, వాడాక అని చూపించే ఫొటోలను నేను నమ్మకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

ల్యాబ్ పరీక్షలనూ అలాగే నమ్మలేం. టీ మరక పట్టించిన పశువుల పళ్లను గంటల తరబడి మందులో ముంచి ఉంచుతారు. మనమేమో అర నిమిషమో నిమిషమో పుక్కిలించి ఉమ్మేస్తాం. ఈ సీసాల్లో సాధారణంగా ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్ 1.5 నుంచి 2 శాతం. టీ, కాఫీ, జర్దా కిళ్లీ వల్ల పైపైన పట్టిన గార మీద దాని ప్రభావం ఉన్నా కొద్దిపాటిదే. డెంటిస్టు దగ్గర ఒకసారి క్లీనింగ్ చేయించుకుంటే అంతకన్నా ఎక్కువ పోతుంది.

నన్ను బాధపెట్టేది వేరే మరక, నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ మరక. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. కనిగిరి, పొదిలి వైపూ, నల్గొండ జిల్లా మర్రిగూడ వైపూ ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి పెరిగిన వాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలు ఈనాటికీ కనిపిస్తాయి. అది పైన అంటిన రంగు కాదు. చిన్నతనంలో చిగురు లోపల ఎనామిల్ తయారవుతున్నప్పుడే పడిన లోపం. ఊరికి మంచినీళ్లు వచ్చినా ఆ చారలు పోవు. పెళ్లిచూపుల ముందు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్ల ఆశపడి కొనేది ఈ సీసానే. దాని మీద 'తెల్లని పళ్లు' అన్న మాట పెద్దగా ఉంటుంది, ఏ మరకో చెప్పరు.

ఏ మరక మీద, దేనితో పోల్చి, ఎన్ని వారాలు పరీక్షించారో కంపెనీలు సీసా మీద తెలుగులో అచ్చువేయాలి. ఫ్లోరోసిస్ మచ్చలు దీనితో పోవని కూడా రాయాలి. ఆ మచ్చలకు దారి లేకపోలేదు. తీవ్రతను బట్టి పైపొరను కాస్త అరగదీస్తారు, కాంపోజిట్ పూత వేస్తారు, లేదంటే వెనీర్ అనే పలుచని పెంకు అతికిస్తారు. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. సీసా కొనేముందు ఒకసారి అక్కడ పళ్లు చూపించుకోండి.