మంచం కొనేముందు ఓసారి కిందకు వంగి చూడండి!

పెళ్లి కుదురుతుంది. ఫంక్షన్ హాలు, వంటవాళ్లు, పట్టుచీరలు, నగలు... అన్నిటికీ నెలల ముందు నుంచే తిరుగుడు మొదలవుతుంది. చీరకైతే నాలుగు దుకాణాలు ఎక్కిదిగుతారు. నగకైతే హాల్‌మార్కు ఉందా, తరుగెంత, మజూరీ ఎంత అంటూ సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. మరి సారెలో పెట్టే మంచం, పరుపు, బీరువా? అవి మాత్రం ఆఖరి వారంలో, ఒక సాయంత్రం పూట, ఒకే దుకాణంలో! 'నిగనిగలాడుతోంది కదా, ప్యాక్ చేయించండి' అనేస్తారు.

కొత్తింట్లో దిగేవాళ్లదీ ఇంచుమించు ఇదే కథ. గచ్చుకీ, వంటగదికీ, హాల్లో సోఫాకీ ఖర్చు పెట్టీపెట్టీ పడకగది దగ్గరికొచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది. 'ఏదో ఒకటి చూడండి' అంటారు.

పెళ్లి పట్టుచీర ఏడాదికి రెండుసార్లు కడితే గొప్ప. మంచం మీద రోజూ ఏడెనిమిది గంటలు పడుకోవాలి. పదిహేనేళ్లు ఉండాల్సిన వస్తువును పావుగంటలో తేల్చేస్తే రెండో ఏడాదికే కిర్రుమంటుంది. ఇల్లు మారినప్పుడు విరుగుతుంది. అప్పుడు మళ్లీ కొనాలి. అంటే తక్కువలో వచ్చిందనుకున్నది రెండింతలు అవుతుందన్నమాట.

తక్కువ డబ్బుకు మంచి సామాను రాదని కాదు. ఉన్న డబ్బును కంటికి కనిపించే మెరుపు మీద కాకుండా ఒళ్లు ఆనే చోట, బరువు మోసే చోట పెట్టాలి. అదెలాగంటే...

ముందు సుద్దముక్క

దుకాణానికి వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటుంది. పడకగదిలో సుద్దముక్కతో మంచం కొలతను నేలమీద గీయండి. దుకాణంలోని పెద్ద హాల్లో చిన్నగా కనిపించిన మంచం పదడుగుల గదిలోకి వచ్చాక ఏనుగంత అవుతుంది. పదడుగుల వెడల్పు గదిలో ఆరడుగుల మంచం వేస్తే మిగిలేది నాలుగడుగులు. అటూఇటూ చెరో రెండడుగులు. బీరువా లోతే అడుగున్నర దాకా ఉంటుంది. దాని తలుపు తెరవడానికి ఇంకో అడుగున్నర కావాలి. ఆ తలుపు మంచానికి తగులుతుందేమో ఆ గీతల దగ్గరే తెలిసిపోతుంది.

ఇద్దరే ఉండే ఇంటికి ఐదడుగుల మంచం చాలు. ఒక అడుగు నడవడానికి మిగులుతుంది. పరుపు ఆరోవంతు తగ్గుతుంది, ధరా దిగుతుంది. పసిపాప పక్కన పడుకునే ఇల్లయితే ఆరడుగులదే మేలు. పొడవు విషయంలోనూ జాగ్రత్త. పరుపులు మామూలుగా 72, 75, 78 అంగుళాల పొడవుల్లో వస్తాయి. కొలత కుదరని మంచం కొంటే పరుపును ప్రత్యేకంగా చేయించుకోవాల్సి వస్తుంది.

అపార్టుమెంటులో ఉండేవాళ్లు లిఫ్టు, మెట్ల మలుపు కూడా కొలుచుకోవాలి. బోల్టులు విప్పి ముక్కలుగా మోసుకెళ్లే మంచమైతే ఈ బాధ ఉండదు.

'సెట్టు'తోనే తంటా

'బెడ్‌రూమ్ సెట్టు మొత్తం ఇంత' అని ఒకే ధర చెబితే చవగ్గానే అనిపిస్తుంది. మంచం, పక్కన రెండు చిన్న బల్లలు, డ్రెస్సింగ్ టేబులు, అల్మరా... అన్నీ ఒకే రంగు. చూడముచ్చటే! కానీ ఆ ధరకు అన్ని వస్తువులు ఇవ్వాలంటే దుకాణదారు ఎక్కడో ఒకచోట తగ్గించాలి. ఆ తగ్గింపు సాధారణంగా కంటికి కనిపించని చోటే జరుగుతుంది. మంచం కింద, అల్మరా వెనక, సొరుగు అడుగున.

అందుకే సెట్టును విడగొట్టండి. మంచం, పరుపు, బట్టలు పెట్టుకునే బీరువా... కాపురానికి తప్పనిసరి ఈ మూడే. చేతిలోని రూపాయిలో పన్నెండణాలు వీటికే పెట్టాలి. డ్రెస్సింగ్ టేబులు బదులు గోడకు నిలువుటద్దం, దాని కింద చిన్న అర సరిపోతాయి. పక్క బల్లకు బదులు ఒక స్టూలు వేసుకున్నా మంచినీళ్ల చెంబు, కళ్లజోడు పెట్టుకోవచ్చు. మిగతావి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

పట్టె పట్టుకుని ఊపండి

మంచం ముందు నిలబడగానే అందరి చూపూ తలాపు వైపు చెక్కడం మీదికే పోతుంది. అది కాసేపు వదిలేయండి. ఒక మూల పట్టుకుని గట్టిగా ఊపండి. కిర్రుమన్నా, పట్టెకూ కోడుకూ మధ్య సందు కదిలినా వద్దనుకోవడమే మంచిది. కొత్తప్పుడే కదిలేది నెమ్మదిగా సర్దుకోదు. ఇంకా వదులవుతుంది.

తర్వాత కిందకు వంగి చూడాలి. ఐదడుగులు, ఆరడుగుల వెడల్పున్న మంచానికి నడిమధ్య పొడవునా ఒక దూలం, దాని కింద నేలను ఆనే కాలు ఉండాలి. అది లేకపోతే కొన్నాళ్లకు మధ్యలో పల్లమై, ఎంత మంచి పరుపు వేసినా నడుం నొప్పి తెప్పిస్తుంది. అడ్డపట్టీల మధ్య మరీ ఎడం ఉండకూడదు. ఒక చెక్క కొసను ఇంకో చెక్క తొర్రలో దిగేసి బిగించిన అతుకు గానీ, మందపాటి బోల్టు గానీ ఉంటే ధీమాగా ఉండొచ్చు. మేకులు, ఇనుప పిన్నులతోనే సరిపెట్టిన మంచం ఎక్కువకాలం నిలవదు.

ఇక చెక్క సంగతి. టేకంటే మనకు ఆదిలాబాద్ గుర్తొస్తుంది. ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతయ్యే టేకూ ఉంది. ఏ ఊరిదన్నదానికన్నా చేవ ఎంతన్నదే ముఖ్యం. చేవ తేరిన భాగం గోధుమ రంగులో ఉంటుంది, చెదను తట్టుకుంటుంది. అంచున పాలిపోయినట్టుండే తెల్లచెక్కకు ఆ శక్తి ఉండదు, పురుగు పట్టేది దానికే. పాలిష్ వేశాక రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పాలిష్ పడని లోపలివైపు చూడాలి. రబ్బరు చెట్టు కలపతో చేసిన మంచాలు టేకు కన్నా చవక. పాలు గీయడం అయిపోయిన పాతికముప్పై ఏళ్ల చెట్లను కొట్టి చేస్తారు. రసాయనాలతో శుద్ధి చేస్తేనే దానికి పురుగు పట్టదు. ఆ మాట అడిగి తెలుసుకోండి.

పార్టికల్ బోర్డు అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. పైన అతికించిన చెక్క డిజైను కాగితం వల్ల అసలు చెక్కలాగే ఉంటుంది. స్క్రూ కోసం వేసిన రంధ్రంలోకి తొంగిచూస్తే పొట్టు కనిపిస్తుంది. దీనికి శత్రువులు రెండు. ఒకటి నీళ్లు. వారంవారం నీళ్లు పోసి గచ్చు కడిగే అలవాటు మనది. నేలకు ఆనిన అంచు తడిని పీల్చి ఉబ్బితే మళ్లీ మామూలుగా కాదు. రెండోది ఇల్లు మారడం. ఒకసారి విప్పిన స్క్రూ మళ్లీ అదే పట్టుతో బిగియదు. కదలకుండా ఒకేచోట ఉండే బల్లకైతే పర్వాలేదు. ఏడాదికో అద్దె ఇల్లు మారే కుటుంబానికి మంచంగా మాత్రం పనికిరాదు.

ప్లైవుడ్‌లో పల్చటి చెక్కపొరలను ఒకదానికి అడ్డంగా మరొకటి అతికిస్తారు. అందుకే స్క్రూను గట్టిగా పట్టుకుంటుంది. వడ్రంగితో చేయించుకునేటప్పుడు పైన సన్‌మైకా వేయకముందే పలక మీద ఐఎస్ఐ ముద్ర చూసుకోవాలి. ఐఎస్ 303 అని ఉంటే మామూలు వాడకానిది. ఐఎస్ 710 అని ఉంటే నీటిని తట్టుకునే మెరైన్ రకం. పడకగదికి మొదటిది చాలు, రెండోదానికి అదనంగా ఖర్చు పెట్టనక్కర్లేదు.

కొత్త బోర్డు సామాను నుంచి ఘాటైన వాసన వస్తుంటే అది ఎక్కువగా జిగురులోని ఫార్మాల్డిహైడ్ వల్లే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ముక్కుకు ఘాటుగా తగిలే సామాను కొనకపోవడమే మంచిది. కొన్నాక కూడా కొన్ని వారాలు కిటికీలు తెరిచే ఉంచాలి. పసిపిల్లలు పడుకునే గదైతే మరీనూ.

అన్నట్టు, ఇనుప మంచాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. వెల్డింగు చుక్కలుచుక్కలుగా కాకుండా అతుకు చుట్టూ పూర్తిగా ఉండి, రంగు సమంగా పట్టి ఉంటే అంతకన్నా చవకైన గట్టి మంచం దొరకదు.

అటకెక్కిన ఆస్తి

ఊళ్లో తాతయ్యగారింట్లో వసారాలో మూలనపడ్డ మంచం ఉందేమో ఓసారి గుర్తుచేసుకోండి. నవారు పోయినా పట్టెలు, కోళ్లు చేవగల టేకువైతే అది ఆస్తే. నవారు తీసేసి, మధ్యలో దూలం, పైన ప్లైవుడ్ వేయించి, పాలిష్ పెట్టిస్తే మరో తరం పడుకోవచ్చు. సెకండ్‌హ్యాండు కొనేవాళ్లు అతుకుల సందుల్లో, స్క్రూ రంధ్రాల్లో నల్లులున్నాయేమో చూడాలి. చెక్కకు సన్నటి రంధ్రాలుండి, తడితే పిండి రాలితే పురుగున్నట్టే. ఇక పరుపు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా సెకండ్‌హ్యాండుది తీసుకోకూడదు.

పరుపును కాటా వేయండి

'నడుం నొప్పికి రాయిలాంటి పరుపే మందు' అని ఇప్పటికీ చాలామంది నమ్మకం. స్పెయిన్‌లో దీర్ఘకాల నడుం నొప్పి ఉన్న 313 మంది మీద పరీక్షిస్తే, బాగా గట్టి పరుపు కన్నా మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపుతోనే ఉపశమనం ఎక్కువగా కనిపించింది. 2003లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. కాబట్టి చేత్తో నొక్కిచూసి తేల్చకండి. మొహమాటపడకుండా చెప్పులు విడిచి, పది నిమిషాలు పక్కకు తిరిగి పడుకుని చూడండి. ఇద్దరు వాడేదైతే ఇద్దరూ పడుకోవాలి.

ఫోమ్ పరుపుకు 'డెన్సిటీ' ఎంతో అడగాలి. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలుంటుందో చెప్పే అంకె అది. గట్టిదనం కాదు, మన్నిక తెలుస్తుంది. దుకాణంలో చెప్పింది నిజమేనా అన్నది కాటా తేలుస్తుంది. ఆరు బై ఆరున్నర అడుగుల పరుపు, నాలుగంగుళాల మందం, మొత్తం ఒకే ఫోమ్ అనుకుందాం. 40 డెన్సిటీ అయితే దాదాపు 14.7 కిలోలు తూగాలి. 28 అయితే 10.3 కిలోలే. కవరు బరువు అదనం. '40' అని చెప్పి పది కిలోల పరుపు అంటగడుతుంటే లెక్క తేలిపోయినట్టే!

దూది పరుపు పాతబడిందని తీసిపారేయకండి. దూది ఏకించి మళ్లీ కుట్టించుకునే సౌకర్యం దానికే ఉంది. అప్పుడప్పుడూ ఎండలో వేస్తే చాలు.

పరుపు వేశాక మంచం ఎత్తు ఎంతవుతుందో కూడా చూడండి. అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు లేవడానికి మరీ తక్కువ ఎత్తు మంచం ఇబ్బందే.

గేజీ పెరిగితే రేకు పలచన

గోద్రెజ్ సంస్థ ఉక్కు బీరువాలు చేయడం మొదలుపెట్టింది 1923లో. ఇప్పుడు ఊరూరా తయారవుతున్నాయి. తేడా అంతా రేకులోనే. ఇక్కడొక తిరకాసు ఉంది. గేజీ అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. 18 గేజీ దాదాపు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజీ 0.9, 22 గేజీ 0.7. '20 కన్నా 22 గొప్ప' అనుకుంటే మోసపోయినట్టే. తలుపుకు ఒక గేజీ, వెనకవైపు మరొకటి వాడుతుంటారు. రెండూ అడగండి. తలుపు మధ్యలో బొటనవేలితో నొక్కితే లొత్తపడకూడదు. పిడి తిప్పితే గడియ పైకీ కిందకూ పూర్తిగా పడాలి. అడుగు భాగంలో రంగు సరిగా పట్టిందో లేదో వంగి చూడాలి, తుప్పు మొదలయ్యేది అక్కడే.

రెండు రూపాయల వడ్డీ

'వడ్డీ లేని వాయిదాలు' అన్న బోర్డు చూసి ఆశపడేముందు చిన్న లెక్క వేసుకోండి. మంచం ధర 40 వేలు. పది నెలలు, నెలకు 4 వేలు. అదే మొత్తం ఒకేసారి ఇస్తే 36 వేలకే ఇస్తానన్నాడనుకుందాం. అంటే మీరు తీసుకున్న అప్పు 36 వేలు, కట్టేది 40 వేలు. వాయిదాల లెక్కన చూస్తే అది నెలకు నూటికి దాదాపు రెండు రూపాయల వడ్డీ! ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకా పైనే. క్రెడిట్ కార్డుల మీద ఇచ్చే ఇలాంటి సున్నా శాతం పథకాలను రిజర్వు బ్యాంకు 2013లోనే తప్పుపట్టింది. అందుకే ముందు రొక్కం ధర అడగండి, వాయిదాల సంగతి తర్వాత. తొందర లేనివాళ్లు ముహూర్తాల రోజుల్లో కాకుండా ఆషాఢంలో వెళితే తీరిగ్గా బేరమాడొచ్చు.

ఆఖరుగా బిల్లు. 'మంచం - 1' అని రాసిస్తే తీసుకోకండి. చెక్క రకం, ప్లైవుడ్ ఐఎస్ నంబరు, బీరువా గేజీ, పరుపు డెన్సిటీ, గ్యారంటీ ఎన్నేళ్లు... అన్నీ అందులో రాయించుకోండి. నోటితో చెప్పిన టేకు బిల్లు మీద ఒట్టి 'వుడ్' అయిపోతే కొనకుండా వెనక్కి రావొచ్చు. కొన్నాక తేడా కనిపించి దుకాణదారు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడ అడిగే మొదటి కాగితం ఆ బిల్లే.

పెళ్లికొచ్చిన చుట్టాలు మంచాన్ని చూసేది ఒక్కరోజు. వాళ్లు మెచ్చుకునే చెక్కడం కాస్త తగ్గినా నష్టం లేదు. కింద నడిమి కాలు ఉందో లేదో చూసుకుంటే చాలు, పదిహేనేళ్లు నిశ్చింతగా నిద్రపోవచ్చు.