ఆమడలా? గంటలా?

దూరానికి మన పెద్దల కొలమానం ఆమడ; నేటివారి కొలమానం గంట. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఉత్తరధ్రువం మీదుగా, నడుమ ఎక్కడా దిగకుండా బెంగళూరు చేరింది. ఆ రెంటి మధ్య అతి దగ్గరి దారి సుమారు 14,000 కిలోమీటర్లు. పట్టిన కాలం 17 గంటలకు పైగా. ధ్రువపు దారి వింతగా తోచేవారు గోళం మీద దారం లాగి చూస్తే సందేహం తీరుతుంది.

దేవనహళ్లి విమానాశ్రయం నుండి మా సోమందేపల్లెకు సుమారు 100 కిలోమీటర్లు. అంటే గడప నుండి గడపకు ఒక్కరోజు ప్రయాణమే. అయినను పిల్లల రాక ఏళ్లకొకమారు! ఈ దూరం విమానానిది కాదు. సెలవుది, వీసా ముద్రది.

అమెరికా మాట అటుంచండి. కరవుకు తాళలేక బెంగళూరుకు కూలికి పోయినవారు రెండుమూడు గంటల దూరంలోనే ఉంటారు. వారిలోనూ ఎందరో ఉగాదికిగాని ఇల్లు చేరరు. ఒకనాటి కూలి పోతుందన్న భయం వారికి సముద్రమంత అడ్డు.

కనుక "ఎంతసేపు, ఒక్కరోజే కదా" అన్న ఓదార్పును నేను అంగీకరించను. దూరానికి ఆమడా కొలత కాదు, గంటా కాదు. వెళ్లినవాడు ఏడాదికి ఎన్నిమార్లు తిరిగి రాగలడో అదే కొలత. విజ్ఞులు యోచింతురు గాక!