‘అమ్మితే ఎంతొస్తుంది?’

మొన్న సంక్రాంతికి మా ఇంటికొచ్చిన ఓ బంధువు, కుర్చీ మీద ఉన్న స్వెట్టర్‌ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. మూడు నెలలు కూర్చుని నేను అల్లిన మొట్టమొదటి స్వెట్టర్ అది. “నువ్వే అల్లావా? బాగుందే!” అన్నారు. నేను సంతోషించేలోపే తర్వాతి మాట వచ్చేసింది. “ఊలుకి ఎంతైంది? ఇంత కష్టం దేనికి, బజార్లో బోలెడు దొరుకుతాయిగా! పోనీ ఇలాంటివి నాలుగు అల్లి అమ్మకానికి పెట్టు. అమ్మితే ఎంతొస్తుంది?”

ఆయన చెడ్డగా ఏమీ అనలేదు. మన ఇళ్లలో అందరం అడిగే ప్రశ్నే అది. పిల్ల చక్కగా పాడితే ‘పోటీలకు పంపండి’ అంటాం. ఆవకాయ బాగా కుదిరితే ‘సీసాల్లో పెట్టి అమ్మొచ్చుగా’ అంటాం. డాబా మీద నాలుగు మొక్కలు పెంచితే ‘నర్సరీ పెట్టెయ్’ అంటాం. పైసా రాని పనికి గంట సమయం పెట్టడం మనకు ఎక్కడో తప్పు చేసినట్టే అనిపిస్తుంది. ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్లకు.

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత ఒకసారి నరసాపురం వెళ్లొచ్చాక గానీ ఆ ప్రశ్న ఎవరిని అడగాలో, ఎవరిని అడగకూడదో నాకు అర్థం కాలేదు. ఈ వారం ఆ సంగతే మీతో పంచుకోవాలని.

బిస్కెట్ డబ్బాలో సూదులు

నా అల్లిక కథ మెడనొప్పితో మొదలైంది. రాత్రి పన్నెండైనా నిద్ర పట్టేది కాదు, పొద్దున లేస్తే మెడ తిరిగేది కాదు. పరీక్షలన్నీ చూసిన డాక్టరు, పడుకోవడానికి గంట ముందే ఫోన్ పక్కన పెట్టేయమన్నారు. సలహా తేలికే. కానీ ఫోన్ పెట్టేశాక ఆ గంటసేపు చేతులు ఏం చెయ్యాలి? పది నిమిషాలు కాగానే చెయ్యి దానంతటదే దిండు కిందికి పోయేది.

నా అవస్థ చూసి మా పెద్దత్త అటక మీది పాత బిస్కెట్ డబ్బా దింపించింది. అందులో రెండు జతల అల్లిక సూదులు, ఒక క్రోషే కొక్కెం, సగం అల్లి వదిలేసిన మేజోడు ఉన్నాయి. ఆవిడ హైస్కూల్లో క్రాఫ్ట్ టీచరు దగ్గర నేర్చుకున్న విద్య అది. మా తరానికి వచ్చేసరికి క్రాఫ్ట్ పీరియడ్‌ని లెక్కల మాస్టారు తీసేసుకునేవారు.

నా మొదటి మఫ్లర్ ఇరవై కుట్లతో మొదలైంది. జానెడు పొడవు వచ్చేసరికి ఇరవై ఏడయ్యాయి. చివరికి పదహారు మిగిలాయి. మధ్యలో కుట్లు ఎప్పుడు పుట్టాయో, ఎక్కడ జారిపోయాయో నాకు తెలీదు. పెద్దత్త దాన్ని చూసి ఏమీ అనకుండా చివరి ముడి విప్పి, సర్రున లాగేసింది. వారం రోజుల పని అరనిమిషంలో ఊలు ఉండైపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. “మళ్లీ అల్లుకో, ఊలు ఎక్కడికీ పోలేదుగా” అంది. తప్పు చేస్తే ఎవరూ మార్కులు తగ్గించని పనిని చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి చేస్తున్నానని అప్పుడు తట్టింది.

కొట్లో నేర్చుకున్న పాఠాలు

అల్లడం ఒక విద్య అయితే ఊలు కొనడం ఇంకో విద్య. బజారులో ఒక సందులో ఉన్న చిన్న కొట్టుకి వెళ్లి “ఊలు కావాలి” అన్నాను. “బేబీ ఊలా, నాలుగు ప్లైదా, కాటనా, యాక్రిలిక్కా? ఎన్ని ఉండలు?” అని కొట్టాయన ఒక్క గుక్కలో అడిగాడు. ప్లై అంటే ఎన్ని పోగులు కలిపి పేనారో చెప్పే లెక్క అని తెలియడానికి నాకు నెల పట్టింది.

సూదుల నంబర్లతో ఇంకో తమాషా. మన కొట్లలో ఇప్పటికీ పాత ఇంగ్లండు నంబర్లే నడుస్తుంటాయి. వాటిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. పది నంబరు సూది మూడుంపావు మిల్లీమీటర్లయితే, ఎనిమిది నంబరుది నాలుగు మిల్లీమీటర్లు. నేను తెలివిగా “పది వద్దు, కాస్త సన్నది ఇవ్వండి, ఎనిమిది” అని అడిగి తెచ్చుకున్నాను. ఆ సూదులతో మేనకోడలి పసివాడికి అల్లిన టోపీ వాళ్ల నాన్న తలకి సరిగ్గా సరిపోయింది. అందుకే ముందుగా పది సెంటీమీటర్ల చదరం అల్లి, ఎన్ని కుట్లు పట్టాయో లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే అసలు పని మొదలెట్టాలట.

స్వెట్టర్ దగ్గర ఇంకో దెబ్బ. ఊలు చాలక నెల తర్వాత అదే కొట్లో అదే నీలం రంగు రెండు ఉండలు తెచ్చాను. అల్లడం పూర్తయ్యాక ఎండలో చూస్తే కుడిచెయ్యి ఒక పిసరు ముదురు. ఉండ మీది చీటీలో రంగు నంబరుతో పాటు అద్దకం లాట్ నంబరు కూడా ఉంటుంది. ఒక్కో విడత అద్దకానికీ ఆ నంబరు మారుతుంది. కావలసిన ఊలంతా ఒకేసారి, ఒకే నంబరు చూసి కొనాలి. మన ఎండలకు యాక్రిలిక్ కన్నా నూలు దారం హాయి అన్నది కూడా ఒక వేసవి చెమటలు కక్కాకే తెలిసింది.

ఈలోగా ఇంకో జబ్బు పట్టుకుంది. అల్లేది తక్కువ, కొనేది ఎక్కువ. బీరువా అడుగు అరంతా ఊలుతో నిండిపోయింది. రాత్రిపూట మళ్లీ ఫోన్ తీసి రంగులు చూస్తూ కూర్చుంటున్నానని గ్రహించి సిగ్గుపడ్డాను. రెండు పనులు పూర్తయితేనే ఒక కొత్త కొనుగోలు అని అప్పుడే నియమం పెట్టుకున్నాను. ఎక్కువసార్లు పాటిస్తున్నాను.

ఒంటికి ఏమొచ్చింది?

ఆరోగ్యం పేజీలు తెరిచారు కాబట్టి ఇది అడగాల్సిన ప్రశ్నే. నా మటుకు నాకు రాత్రి నిద్ర త్వరగా పడుతోంది. అది అల్లిక వల్లా, ఫోన్ పక్కన పెట్టడం వల్లా అంటే విడదీసి చెప్పలేను. బహుశా రెండూ.

చదివినంతలో కొన్ని సంగతులు నమ్మదగినవిగా కనిపించాయి. ఒకే కదలికనో మాటనో నెమ్మదిగా మళ్లీ మళ్లీ చేస్తూ, పక్కదారి పట్టిన మనసును దాని మీదికే తెచ్చుకుంటే గుండె వేగం, ఊపిరి నెమ్మదిస్తాయని అమెరికా వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో రాసిన పుస్తకంలో వివరించారు. మన జపమాల చేసే పని అలాంటిదే. కుట్లు లెక్కపెట్టుకుంటూ అల్లడమూ దానికి దూరం కాదు. 2013లో బ్రిటన్ పరిశోధకులు వివిధ దేశాల్లోని 3,545 మంది అల్లికదారుల అనుభవాలను సర్వే చేసి ప్రచురించారు. తరచూ అల్లేవాళ్లు ఎక్కువ ప్రశాంతంగా, సంతోషంగా ఉన్నామని చెప్పారు. 2011లో వెలువడిన మేయో క్లినిక్ అధ్యయనం 70 నుంచి 89 ఏళ్ల మధ్య ఉన్న 1,321 మందిని పరిశీలించింది. పుస్తకాలు చదవడం, అల్లికలు, చేతిపనుల వంటి వ్యాపకాలున్నవాళ్లలో మతిమరుపు తొలిదశ లక్షణాలు తక్కువగా కనిపించాయి.

అయితే ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మొదటిది అల్లికంటే ఇష్టమున్నవాళ్లు స్వయంగా చెప్పుకున్న మాట. రెండోదాంట్లో, చేతిపని వల్ల జ్ఞాపకశక్తి నిలిచిందో, జ్ఞాపకశక్తి బాగున్నవాళ్లే చేతిపనులు కొనసాగించారో తేల్చి చెప్పలేం. కాబట్టి అల్లిక ఏ జబ్బుకీ మందు కాదు. కుంగుబాటుకు డాక్టరు రాసిన మాత్ర మానేసి సూదులు పట్టుకోమని ఎవరైనా చెబితే వినకండి. నడక మానేసి అల్లుకుంటూ కూర్చున్నా నష్టమే.

అదే కొక్కెం, ఇంకో ఇల్లు

పెళ్లి పని మీద పశ్చిమ గోదావరి వెళ్లినప్పుడు, నూలు దారం, లేసు చూద్దామని నరసాపురం వెళ్లాను. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషే లేసు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటి పనైంది. ఇక్కడి టేబుల్ క్లాత్‌లు విదేశాలకు ఎగుమతి అవుతాయి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అరుగు మీద కూర్చుని అల్లుతున్న ఒకావిడ దగ్గర ఓ టేబుల్ క్లాత్ చూశాను. అరచేయంత పువ్వులు ఒకదానికొకటి కలిపి అల్లినది. ధర అడిగాను. ఆవిడ చెప్పింది. అలవాటు కొద్దీ “కాస్త తగ్గించరాదూ” అన్నాను. అంటుండగానే నా కళ్లు పువ్వులు లెక్కపెట్టడం మొదలెట్టాయి. అలాంటి పువ్వు ఒక్కటి అల్లడానికి నాకు సాయంత్రమంతా పడుతుంది. ఆ గుడ్డలో వందకు పైనే ఉన్నాయి. నా నోరు పడిపోయింది. అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్నాను.

ఈ ఆడవాళ్ల గురించే జర్మనీ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. లేసు అల్లేవాళ్లు ‘గృహిణులు’, వాళ్లది ‘తీరిక వేళ పని’ అని లోకం పేరు పెట్టింది కాబట్టే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆవిడ వివరించారు. ఆ మాట చదివాక మా బంధువు ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. తీరిక వేళ అల్లుకునే నన్నేమో ‘ఎంతొస్తుంది’ అని అడుగుతున్నారు. బతుకుతెరువు కోసం అల్లే ఆవిడకు ఎంత వస్తోందో మాత్రం ఎవరూ అడగరు. పైగా బేరమాడతాం. నేనూ ఆడాను.

ఆవిడ చేతిలోదీ, నా చేతిలోదీ ఒకటే కొక్కెం. గొలుసు కుట్టూ ఒకటే. కానీ నాకు నిద్ర తెచ్చే ఆ పనే, పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా వంగి చేసేవాళ్లకు మెడనొప్పి, నడుం నొప్పి, కంటి మంట తెస్తుంది. కళ్లు లాగుతున్నప్పుడు నేను దాన్ని పక్కన పెట్టేస్తాను. ఆవిడ పక్కన పెడితే ఆ పూట కూలి తగ్గుతుంది. అల్లిక నాకిచ్చిన ఆరోగ్యం దారంలోంచి వచ్చింది కాదు. ఇష్టమైనప్పుడు పట్టుకుని, వద్దనుకున్నప్పుడు దించేయగల స్వేచ్ఛలోంచి వచ్చింది. ఆ వ్యాపకానికి ఆర్డర్లూ గడువులూ తగిలించిన రోజున అదీ ఇంకో ఉద్యోగమైపోతుంది. అమ్ముకోవాలనుకునేవాళ్లు నిక్షేపంగా అమ్ముకోవచ్చు. అయితే అప్పుడు దాన్ని పనిగానే చూడాలి, గంటలు లెక్కగట్టి ధర అడగాలి.

మొదలుపెడతారా?

పెద్ద ఖర్చేం లేదు. ఒక నూలు దారం ఉండ, ఒక కొక్కెం చాలు. కూర్చునే కుర్చీకి వెన్ను ఆనాలి, మోచేతులకు ఊతం ఉండాలి, వెలుతురు బాగా పడాలి. చత్వారం వచ్చినవాళ్లు అద్దాలు పెట్టుకునే అల్లాలి. అరగంటకోసారి లేచి వేళ్లు, మెడ, భుజాలు కదిలించాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేళ్లలో తిమ్మిరి వస్తున్నా, రాత్రి ఆ తిమ్మిరికి మెలకువ వస్తున్నా, పొద్దున వేలు ముడుచుకుపోయి టక్కున తెరుచుకుంటున్నా పని ఆపి డాక్టరుకి చూపించాలి. మధుమేహం, థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లకు ఈ బాధలు త్వరగా వస్తాయి.

నలుగురు కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది. 2016 జనవరిలో చెన్నైలో వందలమంది మహిళలు తలా కొన్ని చదరాలు అల్లి, అన్నీ కలిపి 11,148.5 చదరపు మీటర్ల క్రోషే దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు సాధించారు. మనకు రికార్డులు అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ కింద సాయంత్రం నలుగురు కూర్చుంటే చాలు. మగవాళ్లూ కూర్చోవచ్చు. రిటైరైన మా పక్కింటి మాస్టారు మొన్న మెట్ల మీద ఆగి, “ఇది మాకూ వస్తుందంటారా?” అని అడిగారు. ఇప్పుడు ఆయన మఫ్లర్‌లో కుట్లు ఇరవై నాలుగయ్యాయి. ఇరవైతో మొదలెట్టారు.

ఆ నీలం స్వెట్టర్ మా పెద్దత్త కోసం అల్లింది. వేళ్లు బిగుసుకుపోయి ఆవిడ ఇప్పుడు అల్లలేదు. నేను అల్లుతుంటే పక్కన కూర్చుని ఉండ విప్పుతూ, నా కుట్లు లెక్కపెడుతూ ఉంటుంది. చలి ఉన్నా లేకపోయినా సాయంత్రం కాగానే స్వెట్టర్ వేసుకుంటుంది. ముదురు రంగు చెయ్యి కుడివైపున్నది కాబట్టి చీకట్లో కూడా తిరగేసి తొడుక్కోనంటుంది.

ఈ ఆదివారం మీ అటక మీద కూడా ఓ డబ్బా ఉందేమో చూడండి. దాన్ని ఎలా వాడాలో తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంటే, ముందు ఆవిడ పక్కన కూర్చోండి.