చిత్రశాలలో చూపు

హైదరాబాదు నగరమున మూసీనది యొడ్డున సాలార్‌జంగ్ మ్యూజియము కలదు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖానును, ఆయన పూర్వులును కూడబెట్టిన కళాఖండములతో అది 1951వ సంవత్సరమున దివాన్ దేవిడిలో ప్రారంభింపబడి, 1968లో నేటి భవనమునకు మారినది. విహారయాత్రకు వచ్చిన విద్యార్థులు అచ్చట ముందుగా పరుగెత్తునది గడియారము కడకు. గంట గంటకు అందుండి చిన్న బొమ్మ యొకటి వెలువడి గంట మ్రోగించును. దానికై జనులు గుంపులుగా కాచుకొని యుందురు. అది తప్పుగాదు, వింత వింతయే. కాని అదే భవనమున సూక్ష్మచిత్రములున్న గదిని వారు నడక యాపకయే దాటిపోవుదురు. నిలిచినవారు కూడ పటము క్రింది చీటీని చదివి, పేరును నోటుపుస్తకమున వ్రాసికొని కదలుదురు. చీటీకి దక్కిన కాలములో సగమైనను పటమునకు దక్కదు.

ఈ పద్ధతి మారవలయును. మొదట పటము, పిమ్మట చీటీ.

సూక్ష్మచిత్రములు గోడకు వ్రేలాడదీయుటకై వ్రాయబడినవి కావు. గ్రంథములలో కథ ప్రక్కనో, చిత్రసంపుటములలోనో యుండి, చేతబట్టి కన్నులకు దగ్గరగా నుంచుకొని చూచుటకు ఉద్దేశింపబడినవి. చిత్రకారుడు ఉడుత వెండ్రుకలతో కట్టిన సన్నని కుంచెతో కనురెప్పలను, ఆకులను తీర్చెడివాడు. రాళ్లను నూరి రంగులు చేసెడివాడు. కాగితమును బోర్లించి నున్నని రాతితో రుద్ది మెరుగు తెచ్చెడివాడు. అట్టి పనిని నాలుగడుగుల దూరమునుండి ఒక్క చూపున ముగించినచో చూచినట్లే కాదు.

రాగమాలా చిత్రములలో తోడిరాగిణి యొకటి. వీణ ధరించిన స్త్రీ నిలిచి యుండును, చుట్టును లేళ్లుండును. ఆ పటము ముందు ఎనిమిదవ తరగతి బాలిక నిలిచినదనుకొనుడు. రాగమాల యననేమో ఆమె యెరుగదు. “ఈమె శకుంతల” యని పలుకును. లేళ్లున్నవి, చెట్లున్నవి, ఒంటరియైన స్త్రీ యున్నది. తాను చదివిన కథనుండి ఆమె సమాధానము తెచ్చినది. ప్రక్కవారు పకపక నవ్వినచో ఆమె మరల ఏ పటమును గూర్చియు నోరు విప్పదు. నవ్వక, “ఎందువలన అట్లు తోచినది?” అని యడిగినచో ఆమె తిరిగి పటమువైపు చూచును. అప్పుడు వీణ కనబడును. లేళ్లు మేత మాని మెడలెత్తి యుండుట కనబడును. అవి వినుచున్నవి! పటమునకు ధ్వని లేదు. అయినను అందు సంగీతము సాగుచున్నది. ఆ పిదప చీటీ చదివినచో “తోడి” యను మాట ఆమెకు వట్టి పేరుగా నుండదు.

శాస్త్రము తెలియని పిల్లలకు అభిప్రాయమేమని కొందరు పెద్దలందురు. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. పటము ఏ కాలమునాటిదో, ఏ ఆస్థానమున వ్రాయబడినదో కన్నులు చెప్పజాలవు. అందుకు గ్రంథములు, గురువులు కావలసినదే. “బాగున్నది” అని యూరకుండుటయు చాలదు. ఏ గీత, ఏ రంగు అట్లు తోపించినదో వ్రేలితో చూపగలుగవలయును (అద్దమును తాకకుండ సుమా!). కాని చూపు పుట్టించిన ప్రశ్నకు జ్ఞానము సమాధానముగా రావలయునే గాని, చూపును ముందే ఆపివేయరాదు.

విహారయాత్రలో మ్యూజియమునకు దొరకునది కొద్ది గంటలు. అన్ని గదులను చుట్టివచ్చితిమని చెప్పుకొనుటకై ఉపాధ్యాయులు పిల్లలను తొందరపెట్టుచుందురు. దానికి బదులు ఒక్కొక్క విద్యార్థి తనకు నచ్చిన ఒక్క పటము ముందు పది నిమిషములు నిలిచి, చూచినదానిని నాలుగు వాక్యములలో వ్రాసికొనుట మంచిది. చేయి తిరిగినవారు పెన్సిలుతో గీచికొనుట మరియు మేలు. గీయబోవునప్పుడుగాని లేడి చెవి ఏ వైపునకు తిరిగియున్నదో తెలియదు.